చిత్రాలకు కంప్యూటర్ పేర్లు పెట్టడం: పలమనేరు నుంచి చూస్తే

ఒక ఫొటోలో ఏముందో కంప్యూటరే పోల్చుకుని ‘ఏనుగు’, ‘టమోటా’, ‘లారీ’ అంటూ ఒక పేరో, నాలుగైదు పేర్లో, చిన్న వాక్యమో దానికి జతచేయడాన్ని యాంత్రిక చిత్ర లేబులింగ్ అంటారు. ఫోన్‌లో ‘పెళ్లి’ అనో ‘కుక్క’ అనో వెతికితే ఎప్పటివో ఫొటోలు బయటపడటం దీని పుణ్యమే. కంప్యూటర్ విజ్ఞానంలో ఇది పాత ఆశ. బొమ్మలోని వస్తువులను వెనకున్న దృశ్యం నుంచి విడదీసి వాటి పేర్లు చెప్పే వ్యవస్థలో చెప్పుకోదగ్గ భాగాన్ని ఒక్క వేసవిలో విద్యార్థులతో కట్టించవచ్చని 1966లో అమెరికాలోని ఎంఐటీలో సేమూర్ పేపర్ట్ ప్రాజెక్టు రాసుకున్నాడు. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు గడిచాయి. ఇప్పుడు కొన్ని పరీక్షల్లో యంత్రానికి మనిషి కన్నా ఎక్కువ మార్కులు వస్తున్నాయి. అదే యంత్రాన్ని పొలానికో అడవికో తీసుకెళితే తడబడుతోంది.

ఈ తడబాటును దగ్గరగా చూడటానికి చిత్తూరు జిల్లా పలమనేరు అనువైన చోటు. చెన్నై–బెంగళూరు దారిలో మొగిలి ఘాటు ఎక్కాక వచ్చే ఈ పట్టణం చుట్టూ టమోటా తోటలు. పక్కనే కౌండిన్య అభయారణ్యం, అందులో ఏనుగులు. ఇక్కడి పశు పరిశోధన కేంద్రంలో పుంగనూరు ఆవులు. టమోటా, ఏనుగు, ఆవు యంత్రానికి మూడు రకాల చిక్కులు తెచ్చిపెడతాయి. వాటి మూలం వెతుకుతూ పోతే చాలాసార్లు ఒకే చోటికి చేరతాం: యంత్రానికి ముందుగా ఎవరో రాసిచ్చిన పేర్ల పట్టిక, ఆ పేర్లకు ఉదాహరణగా ఎక్కడో తీసి చూపించిన ఫొటోలు.

పేర్ల పట్టిక

కంప్యూటర్‌కు ఫొటో అంటే అంకెల గడులే. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చెప్పే మూడు అంకెలు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో అయితే మొత్తం 3.6 కోట్ల అంకెలు. ఒకే టమోటాను మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినా, సాయంత్రం చెట్టు నీడలో తీసినా మన కంటికి అదే కాయ. అంకెలు మాత్రం పూర్తిగా వేరు. ఈ అంకెలకూ మనిషి చెప్పే పేరుకూ మధ్య ఉన్న దూరమే ఈ రంగంలో మొదటి సమస్య. 2002లో పినార్ దుయ్‌గులు, సహచరులు దాన్ని అనువాదంలా తీసుకున్నారు. బొమ్మను ముక్కలుగా కోసి, ఏ ముక్కకు ఏ మాట సరిపోతుందో లెక్కగట్టారు. వాళ్ల దగ్గర ఉన్నవి 5 వేల ఫొటోలు, 371 మాటలు.

ఆ చిన్న లోకాన్ని పెద్దది చేసింది ఇమేజ్‌నెట్. ఫేఫే లీ బృందం 2009లో ప్రకటించిన ఈ భాండాగారం పెరిగి పెరిగి 1.4 కోట్ల ఫొటోలకు, 21 వేలకు పైగా పేర్లకు చేరింది. అందులోంచి 1000 పేర్లు ఏరి 2010 నుంచి ఏటా పోటీ పెట్టారు. 2012లో అలెక్స్‌నెట్ అనే నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) పద్ధతి తప్పులను 15.3 శాతానికి తగ్గించింది. రెండో స్థానంలో ఉన్నవాళ్లు 26.2 శాతం దగ్గరే ఆగిపోయారు. నేటి చిత్ర గుర్తింపు చాలావరకు ఆ విజయం నుంచి పుట్టిందే.

ఆ 1000 పేర్ల పట్టికను పలమనేరు రైతు కళ్లతో ఒకసారి చదవాలి. అందులో కుక్క జాతులు 120 దాకా ఉన్నాయి. ఎద్దు ఉంది, నీటి గేదె ఉంది, ఆవు లేదు. పనస, సీతాఫలం, దానిమ్మ ఉన్నాయి. మామిడి లేదు, టమోటా లేదు. ఆ పట్టిక మీదే తర్ఫీదు పొందిన యంత్రానికి మండీలో క్రేట్ల నిండా ఉన్న టమోటాలను చూపిస్తే క్యాప్సికమనో దానిమ్మ అనో చెప్పక తప్పదు. తెలిసిన పేర్ల మధ్యే మొత్తం నూరు శాతాన్నీ పంచేయాలన్నది దాని లెక్క. ‘ఇది నా పట్టికలో లేదు’ అనే జవాబుకు ఆ లెక్కలో చోటే లేదు.

ఏనుగు విషయంలో తిప్పలు ఇంకో రకం. పట్టికలో ఏనుగుకు మూడు పేర్లున్నాయి: ఆఫ్రికా ఏనుగు, భారతీయ ఏనుగు, దంతాల ఏనుగు. కౌండిన్య అడవిలో దంతాలున్న మగ ఏనుగు కనబడితే చివరి రెండు పేర్లూ సరైనవే. పోటీ నిబంధన ప్రకారం జవాబు పత్రంలో ఒక్కటే ఉంటుంది. యంత్రం నిజమే చెప్పి కూడా తప్పు కింద లెక్కపడే అవకాశం ఇక్కడుంది. ఒక ఫొటోలో ఒకే వస్తువు ఉంటుందనీ, దానికి ఒకే సరైన పేరు ఉంటుందనీ అనుకోవడం పరీక్ష పెట్టేవాళ్ల సౌకర్యం కోసమే. పలమనేరు బస్టాండు ఫొటోలో ఒక్క వస్తువే ఎప్పుడుంటుంది?

ఫొటోలు ఎక్కడివన్నది మరో ప్రశ్న. ఇమేజ్‌నెట్ ఫొటోల్లో 45 శాతానికి పైగా అమెరికావని, భారత్, చైనా రెండూ కలిపినా 3 శాతమేనని పరిశోధకులు లెక్కతేల్చారు. 2018లో జేమ్స్ జౌ, లోండా షీబింగర్ దీని ఫలితాన్ని ఒక ఉదాహరణతో చూపారు. తెల్ల గౌను తొడుక్కున్న అమెరికా పెళ్లికూతురికి ‘వధువు’, ‘పెళ్లి’ అని పేర్లు పెట్టిన యంత్రం, ఉత్తర భారత వధువు ఫొటోకు ‘ప్రదర్శన కళ’, ‘వేషం’ అని పెట్టింది. 2019లో ఫేస్‌బుక్ పరిశోధకులు వేర్వేరు దేశాల ఇళ్లలోని వస్తువుల ఫొటోలతో పరీక్షించినప్పుడూ ఇదే ధోరణి కనబడింది. తక్కువ ఆదాయమున్న ఇళ్లలోని వస్తువుల దగ్గర తప్పులు ఎక్కువ.

మన రోడ్ల విషయంలో ఈ లోటును పూడ్చే పని హైదరాబాదులో జరిగింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాదులో సి.వి. జవహర్ బృందం ఇంటెల్‌తో కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌ను తయారుచేసింది. హైదరాబాదు, బెంగళూరు నగరాలు, వాటి శివార్లలో 182 ప్రయాణాల నుంచి ఏరిన 10,004 చిత్రాలు, 34 రకాల లేబుళ్లు. ఆటో, జంతువు, ప్రకటన బోర్డు వంటివాటికి అందులో విడిగా చోటు దొరికింది. జర్మనీలో, దాని చుట్టుపక్కల నగరాల్లో తీసిన సిటీస్కేప్స్ చిత్రాల మీద తర్ఫీదైన యంత్రానికి రోడ్డంటే అంచులు సూటిగా ఉండే తారు. మన దగ్గర తారు ఎక్కడ ముగిసి మట్టి ఎక్కడ మొదలవుతుందో, ఆ మట్టి మీద బండి పోవచ్చో లేదో కూడా లేబుల్‌గా రాయాల్సి వచ్చింది.

పుంగనూరు ఆవు ఎత్తెంత?

పుంగనూరు ఆవు ప్రపంచంలోని పొట్టి పశుజాతుల్లో ఒకటి. పెద్దదైనా ఎత్తు సుమారు ముప్పావు మీటరు నుంచి మీటరు లోపే. దాన్ని ఒంటరిగా ఫొటో తీసి చూపిస్తే యంత్రమే కాదు, ఆ ప్రాంతం కాని మనిషి కూడా అది పెద్ద ఆవు అనుకోవచ్చు. పక్కన మనిషి నిలబడితే దూడ అనుకోవచ్చు. ఒక్క ఫొటోలో కొలత ఉండదు. దగ్గరున్న చిన్న వస్తువు, దూరాన ఉన్న పెద్ద వస్తువు కెమెరాలో ఒకే జాగా ఆక్రమిస్తాయి. పక్కనున్న గడప, బకెట్టు, మనిషి చెయ్యి చూసి మనం ఎత్తు అంచనా వేస్తాం. ఆ అంచనా వేయడానికి బకెట్టు ఎంతుంటుందో ముందే తెలియాలి.

జాతి పేరు చెప్పాలంటే ఇంకా కష్టం. ఆవు అని చెప్పడం ఒక మెట్టు, పుంగనూరు ఆవు అని చెప్పడం చాలా మెట్లు పైన. జాతి అన్నది వంశానికి సంబంధించింది, రూపం దానికి ఒక సూచన మాత్రమే. సంకరంతో పుట్టిన పొట్టి ఆవు చూడటానికి అచ్చం అలాగే ఉండొచ్చు. రికార్డు చూసి చెప్పాల్సిన సంగతిని ఫొటో చూసి చెప్పమంటే ఎంత తెలివైన యంత్రమైనా ఊహించడం తప్ప చేయగలిగిందేమీ లేదు. లేబుల్ అడిగే ముందు ఆ సమాచారం అసలు బొమ్మలో ఉందా అని చూసుకోవాలి. ఈ రంగంలో వచ్చే వ్యాసాలు ఈ చిన్న సంగతిని తరచూ దాటేస్తాయి.

99 శాతం, 31 శాతం

టమోటాకు వద్దాం. ఇమేజ్‌నెట్ పోటీ పట్టికలో చోటు దక్కకపోయినా, పంట తెగుళ్ల పరిశోధనలో టమోటాదే పెద్దపీట. ప్లాంట్‌విలేజ్ అనే భాండాగారంలో 14 పంటల, 26 తెగుళ్ల ఆకుల ఫొటోలు 54,306 ఉన్నాయి. వాటిలో దాదాపు మూడో వంతు టమోటావే. 2016లో మోహంతి, హ్యూస్, సలాథే వీటితో ఒక నాడీజాలానికి తర్ఫీదిచ్చి పరీక్షిస్తే 99.35 శాతం సరైన జవాబులు వచ్చాయి. ఈ అంకె చాలామంది నోళ్లలో నానింది. అదే వ్యాసంలో ఉన్న ఇంకో అంకె అంతగా నానలేదు: వేరే చోట్ల నుంచి తెచ్చిన ఫొటోలు చూపిస్తే జవాబులు దాదాపు 31 శాతానికి పడిపోయాయి.

కారణం ఫొటోలు తీసిన పద్ధతిలో ఉంది. ఆకును తుంచి, ఒకే రంగు కాగితం మీద పరిచి, ఒక్కో ఆకునే తీశారు. ఒక తెగులు ఆకులన్నీ ఒకే చోట, ఒకే రోజు, ఒకే వెలుతురులో తీస్తే ఆ కాగితం ఛాయే తెగులుకు గుర్తైపోతుంది. 2022లో మెహ్మెట్ అలిజాన్ నోయన్ దీన్ని నిరూపించాడు. ఆకును పూర్తిగా వదిలేసి, వెనకున్న కాగితంలోని 8 చుక్కలు మాత్రమే యంత్రానికి ఇచ్చాడు. 38 రకాల మధ్య గుడ్డిగా చెబితే 2.6 శాతం రావాల్సిన చోట 49 శాతం వచ్చింది. ప్రశ్న చదవకుండా పేపరు రంగు చూసి జవాబు పట్టిన విద్యార్థి లాంటిదన్నమాట ఆ యంత్రం.

పలమనేరు తోటలో ఆ కాగితం ఉండదు. కర్రలు నాటి, తాళ్లు కట్టి పైకి పాకించిన మొక్కలు. ఆకు మీద ఆకు, దాని మీద ఎర్రమట్టి దుమ్ము, మందు కొట్టాక ఆరిన తెల్లటి మరకలు, కింద మల్చింగ్ షీటు మెరుపు. ఒకే ఆకుకు పైన మచ్చ తెగులు, మధ్యలో పురుగు తొలిచిన చార రెండూ ఉండొచ్చు. ముడుచుకున్న ఆకు తెల్లదోమ తెచ్చిన వైరస్ వల్ల ముడిచిందా, ఎండ వేడికా, పక్క పొలంలో కొట్టిన కలుపు మందుకా అన్నది ఆకు ఒక్కటి చూసి చెప్పడం అనుభవమున్న అధికారికీ కష్టమే. అతను మొక్క మొదలు చూస్తాడు, పక్క సాళ్లు చూస్తాడు, ఎప్పుడు నీళ్లు పెట్టారని అడుగుతాడు. ఆ అడగడాన్ని ఫొటోలో పెట్టలేం.

లేబుల్ ఎవరు వేశారన్నదీ ఇక్కడ ముఖ్యం. తెగులు పేరును ప్రయోగశాల పరీక్షతో తేల్చారా, ఆకు చూసి రాశారా? చూసి రాసినవాటితో తర్ఫీదైన యంత్రం నిపుణుడి అలవాట్లనూ, అతని పొరపాట్లనూ కలిపే నేర్చుకుంటుంది. బెర్లిన్‌కు చెందిన పీట్ సంస్థ తయారుచేసిన ప్లాంటిక్స్ యాప్‌ను 2017లో ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెలుగులోకి తెచ్చాయి. రైతులే పొలంలో నిలబడి తీసే ఫొటోలు చేరడం అలాంటి యాప్‌లకు బలం. ఆ ఫొటోల్లో రైతు వేలో, నీడో, చెదిరిన దృశ్యమో ఉంటుంది. యంత్రం చివరికి పని చేయాల్సింది అలాంటి ఫొటోల మీదే.

కాయ దగ్గరా ఒక చిక్కుంది. మండీలో పచ్చి, దోర, పండు అని వేరుచేస్తారు. దోర ఎక్కడ ముగిసి పండు ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పలేం. బెంగళూరు పంపాలంటే ఒక దోర, ఉత్తరాదికి లారీ ఎక్కించాలంటే ఇంకో దోర. రంగు కొనసాగుతూ మారుతుంది, పేర్లు మాత్రం మూడే.

రాత్రిపూట ఏనుగు

తమిళనాడు అడవుల నుంచి 1980ల్లో చిత్తూరు జిల్లాలోకి వచ్చిన ఏనుగుల కోసం 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు. చుట్టూ పొలాలు, ఒకపక్క జాతీయ రహదారి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర రాత్రివేళ రోడ్డు దాటుతున్న మూడు ఏనుగులు వాహనం ఢీకొని చనిపోయాయి. 2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుమ్కీ (శిక్షణ పొందిన) ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. పలమనేరు మండలం ముసలిమడుగులో వాటికి శిబిరం వెలిసింది. ఏనుగు పొలంలోకో రోడ్డు మీదకో రాకముందే కెమెరా గుర్తుపట్టి కబురందిస్తే బాగుండునన్న ఆశ ఇక్కడ సహజం. పొరుగున తమిళనాడు అటవీశాఖ కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో రైలు పట్టాల వెంట 2024లో ఇలాంటి వ్యవస్థనే మొదలుపెట్టింది. స్తంభాల మీది కెమెరాలు, వేడిని చూసే థర్మల్ కెమెరాలు పట్టాల వైపు వచ్చే ఏనుగులను కనిపెడతాయి.

అడవి కెమెరా ఫొటో, ఫోన్ ఫొటో ఒకటి కావు. వేడి, కదలిక తగలగానే కెమెరా దానంతటదే క్లిక్కుమంటుంది. జంతువు మధ్యలో నిలబడి పోజివ్వదు. ఒక చెవి అంచు, ఒక కాలు, తోక చివర, అంతే. రాత్రి పరారుణ వెలుగులో తీసిన బొమ్మ నలుపు తెలుపే. థర్మల్ కెమెరా అయితే పగలంతా కాగిన బండరాయి పొద్దుగూకాక కూడా వేడిగానే కనబడుతుంది. పలమనేరు చుట్టుపక్కల గుట్టలనిండా బండలే.

సారా బీరీ బృందం 2018లో అమెరికాలోని అడవి కెమెరాల మీద చేసిన పరిశీలన ఈ విషయంలో చాలా విలువైంది. ఒక చోట పెట్టిన కెమెరా ఫొటోలతో నేర్చుకున్న యంత్రం అదే చోట బాగా పనిచేసింది. కెమెరా కొత్త చోటుకు మారగానే తప్పులు బాగా పెరిగాయి. జంతువుతోపాటు ఆ వెనకున్న చెట్టునూ, రాయినీ యంత్రం మనసులో పెట్టుకుంది. పచ్చిక మీదున్న ఆవును గుర్తుపట్టి సముద్రపు ఇసుక మీదున్న ఆవును గుర్తుపట్టలేకపోవడం అదే వ్యాసంలోని ఉదాహరణ. ఆకు వెనక కాగితం సంగతే ఇది, అడవి రూపంలో.

అన్నిటికన్నా పెద్ద చిక్కు అరుదుతనం. 2018 అఖిల భారత పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులివి 76,651, చిరుతవి 51,777. అంటే పులి ఫొటో వెయ్యిలో రెండు. మిగతా రాశిలోంచి వీటిని ఏరడానికి సాఫ్ట్‌వేర్ వాడక తప్పలేదు. ఇప్పుడు పలమనేరు లెక్క ఒకటి ఊహించి వేద్దాం. ఊరి అంచున కెమెరాలు ఒక రాత్రి 10 వేల ఫొటోలు తీశాయి, 5 ఫొటోల్లోనే ఏనుగుంది అనుకుందాం. ఏనుగు లేని ఫొటోల్లో నూటికి 99ని యంత్రం సరిగ్గానే వదిలేస్తుంది. అయినా సుమారు 100 తప్పుడు హెచ్చరికలు వస్తాయి, నిజమైనవి 5. నాలుగో రాత్రి నుంచి ఫోన్ మోగినా ఎవరూ లేవరు. తప్పుడు హెచ్చరికలు తగ్గించాలని యంత్రాన్ని బిగిస్తే ఆ 5లో ఒకటి జారిపోవచ్చు. ఈ రెండు తప్పుల ఖరీదు సమానం కాదు. 99 శాతం అని ప్రకటించే పరికరాలను కొనేముందు అడగాల్సింది ఏ 99 అని.

2023 ఆగస్టులో తిరుమలకు వెళ్లే అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో చిన్నారి చనిపోయాక ఆ దారి పొడవునా కెమెరాలు పెట్టి చిరుతల కదలికలు చూశారు. అక్కడ ‘చిరుత’ అనే లేబుల్ సరిపోదు. ఏ చిరుత, ఒకటే పదే పదే వస్తోందా, వేర్వేరువా అన్నది తేలాలి. దానికి ఒంటి మచ్చల అమరికను పోల్చాలి. పులికైతే చారలు, ఏనుగుకైతే చెవి చిరుగులు, దంతాల వంపు. ఏనుగు చెవి చీకట్లో కనబడదు.

లేబుల్ వేసే చేతులు

యంత్రం నేర్చుకునే ప్రతి పేరు వెనక ఒక మనిషి క్లిక్కు ఉంటుంది. ఇమేజ్‌నెట్‌కు అమెజాన్ మెకానికల్ టర్క్ అనే ఆన్‌లైన్ చిరుపనుల వేదిక ద్వారా 167 దేశాల నుంచి సుమారు 49 వేల మంది పనిచేశారు. లూయిస్ వాన్ ఆన్ అంతకుముందే ఇంకో దారి పట్టాడు. పరిచయం లేని ఇద్దరికి ఒకే బొమ్మ చూపించి, ఇద్దరూ ఒకే మాట రాస్తే మార్కులిచ్చే ఆట తయారుచేశాడు. పేర్లు ఉచితంగా వచ్చాయి. ఇద్దరికీ ఒకేసారి తట్టే మాటలు ‘మనిషి’, ‘ఆకాశం’ లాంటి సాదా మాటలే కదా, లోతైన పేర్లు అలా రావు. సిటీస్కేప్స్‌లో ఒక్క చిత్రంలోని వస్తువులన్నిటి అంచులు గీయడానికి సగటున గంటన్నర పట్టింది. మన దేశంలో వేలమందికి ఇప్పుడిదే ఉద్యోగం. సిద్ధాంత వ్యాసాల్లో వాళ్ల ప్రస్తావన ఒక్క వాక్యానికి మించదు.

వాళ్లూ మనుషులే, తప్పులుంటాయి. 2021లో కర్టిస్ నార్త్‌కట్ బృందం ప్రసిద్ధమైన 10 పరీక్షా భాండాగారాలను తిరగతోడితే సగటున కనీసం 3.3 శాతం లేబుళ్లు తప్పని తేలింది. ఇమేజ్‌నెట్ పరీక్షా భాగంలో దాదాపు 6 శాతం. అంటే కొన్ని సందర్భాల్లో సరైన జవాబు చెప్పిన యంత్రానికి మార్కులు తగ్గి, తప్పును బట్టీపట్టినదానికి పెరుగుతాయి.

వాక్యాలు చెప్పే యంత్రాలు

2021లో ఓపెన్‌ఏఐ ప్రకటించిన క్లిప్ అనే వ్యవస్థ పట్టికల పద్ధతినే మార్చింది. ఇంటర్నెట్‌లో బొమ్మలు, వాటి పక్కనున్న రాతలు కలిపి 40 కోట్ల జతలతో నేర్చుకుంది. టమోటాకు చోటు దొరికింది, మామిడికీ దొరికింది. పేర్ల పట్టిక ఇప్పుడు ఇంటర్నెట్టే. ఎక్కువమంది ఫొటో పెట్టి, ఆంగ్లంలో రాసిన వస్తువులే అక్కడా ముందువరుసలో ఉంటాయి.

కొత్త బలహీనతలూ వచ్చాయి. ఆపిల్ పండు మీద ‘ఐపాడ్’ అని చేత్తో రాసిన కాగితం అతికిస్తే క్లిప్ దాన్ని ఐపాడ్ అంది. రాతకు అంత విలువిచ్చే యంత్రం మన బజారులోకి వస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. గోడనిండా సిమెంటు ప్రకటనలు, బస్సు వెనక సినిమా పోస్టరు, సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీలో చేతులు జోడించిన నాయకుడు. ఫ్లెక్సీలోని మనిషిని మనిషిగా లెక్కపెట్టకపోవడం మనకు తెలివే అనిపించదు. వాక్యాలు రాసే వ్యవస్థలకు మరో అలవాటుంది, లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం. వంటగది కనబడితే అందులో లేని గిన్నెనూ వాక్యంలో చేరుస్తాయి. 2018లోనే పరిశోధకులు ఈ జబ్బుకు కొలత తయారుచేశారు. పేరు తప్పితే సరిదిద్దవచ్చు, నున్నటి వాక్యంలో దాగిన తప్పును పట్టుకోవడం కష్టం.

తెలియదనే జవాబు

ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో ఒక మంచి ఏర్పాటుంది. పేర్లను నాలుగు అంతస్తుల్లో అమర్చారు. ట్రాక్టరుకు కట్టిన నీళ్ల ట్యాంకరో, ఎవరో స్వయంగా కట్టుకున్న మూడుచక్రాల బండో వస్తే, ఏ పేరూ అతకకపోతే ‘ఏదో వాహనం’ అనే కోవలో వేస్తారు. రోడ్డు మీద పోయే యంత్రానికి అంతమాత్రం చాలు, గుద్దకుండా తప్పుకుంటుంది.

టాంజానియాలోని సెరెంగెటి అడవి కెమెరాల దగ్గర మరో దారి పట్టారు. అక్కడి 32 లక్షల ఫొటోలకు 48 జంతువుల పేర్లను మొదట వలంటీర్లు వేశారు. నాలుగింట మూడు వంతుల ఫొటోల్లో జంతువే లేదు. 2018లో నొరూజ్‌జాదే బృందం యంత్రానికి ఒక వెసులుబాటిచ్చింది: ధీమా ఉన్నప్పుడే పేరు చెప్పు, లేకపోతే మనిషికి వదిలెయ్యి. అలా 99.3 శాతం ఫొటోలను యంత్రమే వలంటీర్లతో సమానంగా, 96.6 శాతం సరిగ్గా, తేల్చేసింది. మిగిలింది 0.7 శాతం. లక్షల ఫొటోల మీద అది కూడా వేలల్లో తేలే సంఖ్య, ఎవరో ఒకరు కూర్చుని చూడాల్సిందే. కౌండిన్య సరిహద్దులో అయితే ఆ కూర్చునే మనిషికి పగటిదాకా గడువుండదు, కెమెరా సందేహపడిన నిమిషంలోనే చూసి చెప్పాలి.